బండి వయసు కాదు, పొగ చూడండి

2010 ఏప్రిల్ తర్వాత హైదరాబాద్‌లో కొత్త మారుతి 800 కొనడం కుదరలేదు. ఖమ్మంలో కుదిరింది, కరీంనగర్‌లో కుదిరింది. ఢిల్లీ పరిసరాలతో కలిపి 13 పెద్ద నగరాల్లో ఆ నెల నుంచి భారత్ స్టేజ్ 4 (బీఎస్-4, అంటే బండి వదిలే పొగకి ప్రభుత్వం పెట్టిన హద్దుల్లో నాలుగో మెట్టు) కార్లనే రిజిస్టర్ చేయాలని నిబంధన వచ్చింది. ఆ చిన్న ఇంజన్‌ను బీఎస్-4కి మార్చే పని కంపెనీ పెట్టుకోలేదు. నగరాల్లో అమ్మకం ఆపేసి, మిగతా చోట్ల బీఎస్-3 గానే అమ్ముతూ వచ్చి, 2014 జనవరిలో తయారీ మానేసింది.

మా నాన్న 2011లో ఖమ్మంలో కొన్న మారుతి 800 అలాంటిదే, బీఎస్-3. అదే ఏడాది మా మేనమామ హైదరాబాద్‌లో కొన్న పెట్రోలు కారు బీఎస్-4. పుట్టిన సంవత్సరం ఒకటే, పొగ లెక్క వేరు. 2026లో రెండింటికీ పదిహేనేళ్లు. ఆర్సీ రెన్యువల్ ఫీజు రెండింటికీ ఒకటే, 5,000 రూపాయలు. 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 600 ఉండేది. ఫీజు పెంచినందుకు నా ఫిర్యాదు కాదు. పాత బండి గాలిని ఎక్కువ పాడుచేస్తుందన్న కారణం చెప్పి ఫీజు పెంచినప్పుడు, ఏ బండి ఎంత పాడుచేస్తుందో చూడకుండా పుట్టిన తేదీ ఒక్కటే చూడటం నాకు మింగుడుపడదు. పెట్రోలు కారుకీ డీజిల్ కారుకీ అదే 5,000. బీఎస్-2కీ బీఎస్-4కీ అదే 5,000. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. అక్కడా చూసింది వయసే.

పాత బళ్లని ఏ లెక్కన విడదీయాలన్న ప్రశ్న ఢిల్లీ వాళ్లదని చాలామంది మనవాళ్లు అనుకుంటున్నారు. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం కేంద్రం 2019లో కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు, నల్గొండ ఉన్నాయి. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు, నెల్లూరు ఉన్నాయి. నేడో రేపో మన దగ్గర కూడా ఎవరో ఒకరు గీత గీస్తారు. ఆ గీత ఎక్కడ గీయాలో ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది.

స్టేజిల కథ కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఈ గొడవ అర్థం కాదు. మన దేశంలో బళ్లు వదిలే పొగకి బరువు కట్టి హద్దు పెట్టడం పెట్రోలు బళ్లకి 1991లో, డీజిల్ బళ్లకి 1992లో మొదలైంది. 1996లో బిగించారు. మధ్యలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం కలిసిన పెట్రోలు పోస్తే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చచ్చిపోతుంది కాబట్టి, కన్వర్టర్ ఉన్న కార్లు రావాలంటే ముందు పెట్రోలు మారాలి. 2000లో యూరప్ పొగ ప్రమాణం యూరో 1తో సమానమైన 'ఇండియా 2000' నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత దేశమంతటికీ బీఎస్-2 2005లో, బీఎస్-3 2010లో, బీఎస్-4 2017లో, బీఎస్-6 2020లో వచ్చాయి. బీఎస్-5 లేదు. దాన్ని దాటేసి నేరుగా ఆరుకి పోవాలని 2016 జనవరిలో ప్రకటించారు. పెద్ద నగరాలు మాత్రం బీఎస్-4 దాకా ప్రతి మెట్టూ ముందే ఎక్కాయి. హైదరాబాద్‌లో కార్లకి బీఎస్-3 2005లోనే, బీఎస్-4 2010లోనే వచ్చాయి.

అంటే 2010 నుంచి 2017 దాకా ఏడేళ్లపాటు ఈ దేశంలో రెండు రకాల కొత్త బళ్లు పక్కపక్కనే పుట్టాయి. ఆ ఏడేళ్ల బళ్లే ఇప్పుడు పదేళ్లు, పదిహేనేళ్లు నిండుతూ వరుసగా వస్తున్నాయి. ఈ బళ్ల విషయంలో సంవత్సరం చూసి స్టేజి చెప్పడం కుదరదు. కొన్న ఊరు కూడా తెలియాలి, మోడల్ కూడా తెలియాలి. కొన్ని కంపెనీలు గడువు కంటే ముందే జిల్లాల్లో కూడా బీఎస్-4 కార్లు అమ్మాయి. ఇంకొన్ని చివరి రోజు దాకా పాతవే అమ్మాయి.

ఇంధనం సంగతి ఇంకా పెద్దది. స్టేజి అంటే ఇంజన్ ఒక్కటే కాదు, అందులో పోసే నూనె కూడా. డీజిల్లో గంధకం బీఎస్-2 నాటికి 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500), బీఎస్-3కి 350, బీఎస్-4కి 50, బీఎస్-6కి 10. 2012లో హైదరాబాద్‌లో కొన్న బీఎస్-4 డీజిల్ కారు సొంతూరికి వెళ్తే, దారిలో జిల్లా బంకుల్లో చాలాచోట్ల దొరికింది 350 పీపీఎం డీజిలే. గంధకం ఎక్కువైతే పొగను శుభ్రం చేసే పరికరాలు దెబ్బతింటాయి. కాబట్టి కాగితం మీద బీఎస్-4 అని ఉన్న కారు, వాస్తవంలో కొన్నేళ్లపాటు బీఎస్-3 తిండి తిని పెరిగింది. ఇటు మా నాన్న బీఎస్-3 మారుతికి 2020 నుంచి బంకులో దొరుకుతున్నది బీఎస్-6 పెట్రోలు. దానివల్ల ఆ కారు బీఎస్-6 అయిపోదు, అంత అమాయకంగా నేను వాదించను. కానీ స్టేజి అనేది బండి పుట్టినరోజున రాసిన మాట అని, ఆ తర్వాత దాని బతుకు ఎలా గడిచిందో ఆ మాట చెప్పదని మాత్రం గట్టిగా అంటాను.

బైకుల్లో పోల్చుకోవడం తేలిక. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బైకులకి హెడ్‌లైట్ ఆర్పే స్విచ్ ఉండదు, ఇంజన్ స్టార్ట్ కాగానే వెలుగుతుంది. దానికీ పొగకీ సంబంధం లేదు. అయితే ఆ నిబంధన, బీఎస్-4 నిబంధన ఒకే రోజున వచ్చాయి కాబట్టి పగటిపూట లైటు వెలుగుతూ వచ్చే బైకు బీఎస్-4 గానీ ఆ పైది గానీ అయ్యే అవకాశం ఎక్కువ. బీఎస్-6 వచ్చేసరికి చాలా బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇక మన కుర్రాళ్లు లక్షలు పోసి మళ్లీ తయారుచేయించుకుంటున్న ఆర్ఎక్స్ 100 ఉంది కదా, 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ టూ స్ట్రోక్ బండికి ఏ స్టేజీ లేదు. పెట్రోలుతో పాటు ఆయిల్‌ని కూడా కాల్చి వదిలే ఇంజన్ అది. ఆ శబ్దం నాకూ ఇష్టమే. రోజూ ఆఫీసుకి దాని మీద వెళ్లాలన్న కోరికను మాత్రం సమర్థించలేను. యాభై ఏళ్లు దాటిన బళ్లని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకునే వీలు 2021 నిబంధనల్లో కల్పించారు, వాటినీ రోజువారీ తిరుగుడుకి వాడకూడదన్నారు. ఆ హద్దు సరైనదే.

ఇప్పుడు అసలు అంకెలు చూద్దాం. డీజిల్ కారు కిలోమీటరుకి వదలగల నలుసుల హద్దు బీఎస్-3లో 50 మిల్లీగ్రాములు, బీఎస్-4లో 25, బీఎస్-6లో 4.5. నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు డీజిల్ కారుకి బీఎస్-3లో 500 మిల్లీగ్రాములు, బీఎస్-4లో 250, బీఎస్-6లో 80. అదే పెట్రోలు కారుకి బీఎస్-3లో 150, బీఎస్-4లో 80, బీఎస్-6లో 60. ఇంకోసారి చూడండి. బీఎస్-3 పెట్రోలు కారుకి 150, దానికంటే కొత్తదైన బీఎస్-4 డీజిల్ కారుకి 250. కొత్త స్టేజి బండికి పాత స్టేజి బండి కంటే ఎక్కువ వదిలే అనుమతి ఉంది! కార్బన్ మోనాక్సైడ్ దగ్గర లెక్క తిరగబడుతుంది, అక్కడ పెట్రోలే ఎక్కువ వదులుతుంది. ఆ మాట దాచడం న్యాయం కాదు. కానీ మన నగరాల్లో ఊపిరితిత్తుల్ని తినేస్తున్నది ప్రధానంగా సన్నటి నలుసులు. వాటి లెక్కలో డీజిల్‌నీ పెట్రోలునీ ఒకే గాటన కట్టడం తప్పు.

ఢిల్లీ ఈ తేడాను వయసుతో పట్టుకోవాలని చూసింది. పదిహేనేళ్లు దాటిన బళ్లు రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో చెప్పింది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు వద్దని 2015 ఏప్రిల్‌లో చెప్పింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. డీజిల్‌కి ఐదేళ్లు తక్కువ ఇచ్చారు కాబట్టి ఇంధనం తేడా లెక్కలోకి వచ్చిందని కొందరు అంటారు. వచ్చింది గానీ మొరటుగా వచ్చింది. ఆ లెక్కన మా మేనమామ కారు లాంటి 2011 బీఎస్-4 పెట్రోలు కారు ఢిల్లీలో ఉంటే 2026లో దిగిపోవాలి. 2019లో కొన్న బీఎస్-4 డీజిల్ కారు 2029 దాకా తిరగొచ్చు. కిలోమీటరుకి 80 మిల్లీగ్రాముల హద్దున్నది ఇంటికి పోవాలి, 250 హద్దున్నది ఇంకో మూడేళ్లు రోడ్డు మీద ఉండొచ్చు.

లండన్ ఇదే సమస్యకి వేరే జవాబు రాసుకుంది. అక్కడి అల్ట్రా లో ఎమిషన్ జోన్ 2019లో నగరం నడిబొడ్డున మొదలై 2023 ఆగస్టుకి అన్ని బరోలకీ (నగరంలోని పాలనా విభాగాలకీ) పాకింది. పెట్రోలు కారైతే యూరో 4 చాలు, డీజిల్ అయితే యూరో 6 కావాలి, లేకపోతే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. మన బీఎస్-4 దాదాపు యూరో 4 కొలతలతోనే తయారైంది. అంటే మేనమామ కారు లాంటి పదిహేనేళ్ల పెట్రోలు కారు లండన్‌లో దర్జాగా తిరిగే తరగతిలో పడుతుంది. 2019 బీఎస్-4 డీజిల్ కారు డబ్బు కట్టే తరగతిలో పడుతుంది. రెండు నగరాలు అవే రెండు బళ్లని సరిగ్గా తలకిందులుగా వర్గీకరించాయి. నా మనసు లండన్ లెక్క వైపే మొగ్గుతుంది.

జర్మనీ 2008 నుంచి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ స్టిక్కర్లతో బళ్లని విడదీసింది. అక్కడ నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. పాత డీజిల్ కారుకి నలుసులు పట్టే ఫిల్టర్ బిగించుకుంటే పై రంగు స్టిక్కర్ ఇచ్చేవారు. యజమాని ఖర్చు పెట్టి బండిని బాగుచేసుకుంటే దాని తరగతి మారుతుంది. మన పద్ధతిలో అలాంటి దారే లేదు. నువ్వు ఎంత బాగా చూసుకున్నా, ఏమి బిగించినా, నీ బండి పుట్టిన తేదీ మారదు.

2025 జులై 1న ఢిల్లీ బంకుల్లో కెమెరాలు పెట్టి, వయసు దాటిన బండికి నూనె పోయొద్దన్నారు. మూడు రోజులు తిరగకుండానే జనం గోల పెట్టడంతో ఢిల్లీ ప్రభుత్వమే అది ఆపమని కేంద్రం పెట్టిన గాలి నాణ్యత కమిషన్‌కి రాసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కటే కారణంగా యజమానుల మీద చర్యలు తీసుకోవద్దని ఆదేశించింది. డిసెంబరు 17న ఆ ఆదేశాన్ని సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆ పై బళ్లకే పరిమితం చేసింది. బీఎస్-3, అంతకంటే పాతవైతే చర్య తీసుకోవచ్చు. పదేళ్ల తర్వాత మొదటిసారి గీత వయసు మీద నుంచి స్టేజి మీదికి జరిగింది. ఇది ముందడుగే. లారీల విషయంలో అయితే బాగా ఆలోచించిన గీత కూడా. పెద్ద డీజిల్ ఇంజన్‌కి నలుసుల హద్దు బీఎస్-3లో యూనిట్ శక్తికి 0.10 గ్రాములు, బీఎస్-4లో 0.02. ఒక్క మెట్టు ఎక్కేసరికి ఐదో వంతుకి పడిపోయింది. బీఎస్-3 లారీని, బీఎస్-4 లారీని ఒకే రకంగా చూడటం ఎవరికీ సాధ్యం కాదు.

కానీ పెట్రోలు కారుకి కూడా అదే గీత వర్తింపజేయడం నాకు సరిగా అనిపించడం లేదు. ఢిల్లీలోనే చలికాలం కాలుష్యం పెరిగినప్పుడు పెట్టే మూడో దశ ఆంక్షల్లో బీఎస్-3 పెట్రోలు కార్లనీ, బీఎస్-4 డీజిల్ కార్లనీ కలిపి ఆపుతారు. అంటే డీజిల్‌కి ఒక మెట్టు ఎక్కువ అడగాలని అక్కడి అధికారులకి తెలుసు. అత్యవసరంలో పనికొచ్చిన తెలివి మామూలు రోజుల నిబంధనలోకి ఎందుకు రాదు?

ఇక ఢిల్లీ నిషేధం మనకి చేసిన మేలేమిటో చూడండి. అక్కడ పదేళ్లు నిండబోతున్న డీజిల్ కార్లకి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని వేరే రాష్ట్రాలకి అమ్ముకోవచ్చు. అందుకే మన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 'ఢిల్లీ బండి' అని ప్రత్యేకంగా ఒక రకం ఉంది. మా ఆఫీసులో ఒకాయన పెద్ద డీజిల్ బండి అలాగే కొన్నాడు. ఇక్కడి ధరలో చాలా తక్కువకి వచ్చిందని సంబరపడ్డాడు. లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబరు వేయించాడు. ఆ బండి తప్పేమీ లేదు, ఆయన తప్పూ లేదు. కానీ ఢిల్లీ గాలికి పనికిరాదని తేల్చిన పొగ మన గాలికి పనికొస్తుందా? వయసు మీద నిషేధం పెడితే బండి చావదు, చిరునామా మారుతుంది. తక్కువ డబ్బుతో బండి కావాలనుకునేవాళ్లు ఉన్న చోటికి, పరీక్షలు వదులుగా ఉన్న చోటికి పోతుంది. ఆ ప్రయాణంలో చివరి మజిలీ తరచుగా చిన్న పట్టణాలే.

ఇదంతా రాస్తున్నందుకు నన్ను పాత బళ్ల వకీలు అనుకోవద్దు. మేముండేది ఎల్బీనగర్ దగ్గర, విజయవాడ హైవేకి కూతవేటు దూరంలో. మా అమ్మకి ఆస్తమా. చలికాలం సాయంత్రాలు బాల్కనీ తలుపు తీయం. రాత్రి పదకొండు దాటాక లారీలు బారులు తీరినప్పుడు మూసిన కిటికీల్లోంచి కూడా ఆ వాసన వస్తుంది. ఇన్‌హేలర్ దిండు పక్కన పెట్టుకుని పడుకునే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకి పొగ మీద సానుభూతి ఉండదు. అందుకే నాకు గీత తప్పు చోట గీస్తే కోపం వస్తుంది. ఇంటి ముందు నెలకి నాలుగుసార్లు కదిలే పెట్రోలు కారుని తుక్కు చేయించి, ప్రతి రాత్రీ వందల కిలోమీటర్లు తిరిగే డీజిల్ బండిని కాగితం సరిగా ఉందని వదిలేస్తే మా అమ్మకి ఏమి ఒరిగింది?

కాగితం మాట వచ్చింది కాబట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి చెప్పాలి. ఈ వ్యవస్థ మొత్తంలో బండి నిజంగా ఎంత వదులుతుందో చూసే ఏకైక చోటు అదే. నేను వెళ్లిన ఒక కేంద్రంలో గొట్టంలో పెట్టాల్సిన ప్రోబ్‌ని బయటకి తీయనే లేదు. నంబరు ప్లేటు ఫొటో తీశారు, డబ్బు తీసుకున్నారు, కాగితం చేతికిచ్చారు. చదివేవాళ్లలో చాలామందికి ఇది కొత్త సంగతి కాదని నాకు తెలుసు. నిజాయితీగా చేసినా ఆ పరీక్ష చాలా చిన్నది. పెట్రోలు కారుని నిలబెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. బీఎస్-2, బీఎస్-3 కారుకి మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, బీఎస్-4కి 0.3 శాతం. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఏ బండికీ కొలవరు. కంటికి కనబడని సన్నటి నలుసుల్ని లెక్కపెట్టరు. మన ఊపిరిని దెబ్బతీసే రెండింటినీ వదిలేసిన పరీక్ష ఇది.

దీనివల్ల కొత్త బళ్లకి కూడా తప్పించుకునే దారి దొరికింది. మైలేజీ తగ్గుతోందని, పికప్ లేదని పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌ని మూయించేవాళ్లున్నారు. మసి పేరుకుని లైటు వెలుగుతోందని డీజిల్ ఫిల్టర్ లోపలి భాగం తీయించేవాళ్లున్నారు. బీఎస్-6 లారీల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే డెఫ్ ద్రవం పోయకుండా కంప్యూటర్‌ని ఏమార్చే పరికరం బిగించేవాళ్లున్నారు. అలాంటి బండి ఆర్సీ మీద బీఎస్-6, రోడ్డు మీద ఏమిటో దేవుడికే తెలియాలి. మన పొల్యూషన్ కేంద్రంలో అది హాయిగా పాసైపోతుంది. ఫిల్టర్ తీసేసిన బళ్లని పట్టుకోవడానికే బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ 2022-23లో బళ్లకి నిర్ణీత కాలానికోసారి చేసే పరీక్షలో నలుసుల్ని లెక్కపెట్టే యంత్రం పెట్టాయి. ఐసీసీటీ అనే సంస్థ ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల పక్కన యంత్రాలు పెట్టి లక్షకు పైగా బళ్ల పొగని కొలిచి 2024లో ఫలితాలు ప్రకటించింది. ప్రయోగశాలలో ఇచ్చిన హద్దుకీ రోడ్డు మీద వదిలేదానికీ చాలా దూరం ఉందని, శుభ్రమైనవనుకునే సీఎన్‌జీ బళ్లు కూడా నైట్రోజన్ ఆక్సైడ్లు గట్టిగానే వదులుతున్నాయని తేలింది. కొత్త స్టేజి బళ్లు పాతవాటికంటే చాలా మెరుగన్నదీ అందులోనే తేలింది. అందుకే స్టేజిని పూర్తిగా పక్కన పెట్టమని నేను అనడం లేదు. స్టేజి మొదటి జల్లెడగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు.

స్టేజి కాగితం మీద ఎంత తేలిగ్గా మారిపోగలదో మన అనంతపురం జిల్లా చూసింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్లు అమ్మొద్దని తేల్చిచెప్పింది. అప్పటికి కంపెనీలు, డీలర్ల దగ్గర 8 లక్షలకు పైగా బళ్లు మిగిలి ఉన్నాయి. ఆఖరి రెండు రోజులు షోరూముల ముందు బైకుల కోసం జాతర జరిగింది, గుర్తుందా? అమ్ముడుపోని లారీలు కొన్ని తుక్కు కింద లెక్కతేలాయి. అలా తుక్కుగా కొన్న లారీలను నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించి, ఎన్‌ఓసీతో ఆంధ్రాకి తెచ్చి తిప్పారన్న ఆరోపణతో 2020లో కేసులు నమోదయ్యాయి, అరెస్టులు జరిగాయి. కేసు ఎటు తేలినా అది నేర్పేది ఒకటుంది. ఇంజన్‌ని ఎవరూ చూడకుండా, రికార్డులో గడి ఒక్కటే చూస్తే మూడు అనే అంకెని నాలుగు చేయడానికి మెకానిక్ అక్కర్లేదు.

మరి ఏం చేయాలి? ముందు ఆర్సీ. చాలా పాత ఆర్సీల్లో స్టేజి వివరం ఉండదు, ఆన్‌లైన్‌లో చూస్తే ఆ గడి ఖాళీ. రేపు బీఎస్-3 బళ్ల మీద ఆంక్ష పెడితే ఖాళీ గడి ఉన్నవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు? 2010-17 మధ్య బళ్లకి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు పట్టి కంపెనీలే స్టేజి చెప్పగలవు, వాళ్ల దగ్గర రికార్డులుంటాయి. ఆ పని ఇప్పుడే చేయించి రికార్డు నింపాలి. ఢిల్లీలో 2018 నుంచి అద్దం మీద పెట్రోలుకి లేత నీలం, డీజిల్‌కి నారింజ రంగు స్టిక్కర్ వేస్తున్నారు, బీఎస్-6కి పైన ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. మన రాష్ట్రాల్లో ఇది పాత బళ్లకీ రావాలి, స్టేజి అంకెతో సహా.

రెండోది, డీజిల్‌కీ పెట్రోలుకీ వేర్వేరు గీతలు. బాగా తిరిగే బండికీ ఇంట్లో నిలబడి ఉండే బండికీ కూడా తేడా ఉండాలి. అందుకే రవాణా వాహనాలని ముందు పట్టుకోవాలి, అందులోనూ బీఎస్-3, అంతకుముందటి డీజిల్ లారీలు, డీసీఎంలు, పాత బస్సులు. ప్రభుత్వం తన బళ్ల విషయంలో 2023 ఏప్రిల్ నుంచే పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగించబోమని నియమం పెట్టుకుంది, ఆర్టీసీ బస్సులూ అందులోకి వస్తాయి. ప్రజల డబ్బుతో నడిచే బళ్లకి ఆ కఠినత్వం సరే.

మూడోది పరీక్ష, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2013 నుంచి వచ్చిన బీఎస్-4 కార్లలో, ఆ తర్వాతి వాటిలో బండి తన లోపాన్ని తానే రాసుకునే ఓబీడీ వ్యవస్థ పూర్తి రూపంలో ఉంది. దానికి చిన్న రీడర్ తగిలిస్తే పరికరాలు పనిచేస్తున్నాయో లేదో రెండు నిమిషాల్లో కొంతవరకు తెలుస్తుంది. మన పొల్యూషన్ కేంద్రంలో ఎవరూ దాన్ని ముట్టుకోరు. మనిషి చేయి పడకుండా యంత్రాలే కొలిచే ఫిట్‌నెస్ స్టేషన్లు వస్తున్నాయి. వాటిలో నలుసుల లెక్క కూడా పెట్టాలి. అప్పుడు గీతకి అవతల ఉన్న బండికి కూడా ఒక హక్కు ఇవ్వొచ్చు: నీ స్టేజి పాతదే, అయినా నిజమైన పరీక్షలో పై స్టేజి హద్దుల్లో నిలబడితే తిరుగు. ఇంజన్ బోరుకొచ్చి నీలం పొగ వదులుతున్న బీఎస్-4 బండికి అదే పరీక్ష ఎర్రజెండా చూపించాలి.

చివరగా డబ్బు. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ కొని, బాడీ కట్టించి, పంపూ నాజిళ్లూ బాగుచేయించుకుని, ఒక్క బండి మీద ఇల్లు నడుపుకునేవాళ్లని నేను దగ్గర నుంచి చూశాను. వాళ్లని తుక్కుకి వేసుకోమంటే ఇచ్చేది తుక్కు ధర, కొత్త రవాణా వాహనం కొంటే పన్నులో 15 శాతం వరకు తగ్గింపు. కొత్త లారీ కొనగలిగేవాడికే ఆ తగ్గింపు ఉపయోగం. బీఎస్-3 లారీ అమ్మేసి ఎనిమిదేళ్ల బీఎస్-4 లారీ కొనుక్కునేవాడికి ఏమీ రాదు. గాలికి మాత్రం ఆ మార్పు వల్లే పెద్ద మేలు జరుగుతుంది, నలుసులు ఐదో వంతుకి తగ్గుతాయి. పాత బళ్ల మీద గ్రీన్ ట్యాక్స్ పేరుతో రెండు రాష్ట్రాలూ వసూలు చేస్తున్నాయి. అది ఖజానాలో కలిసిపోకుండా, పాత డీజిల్ లారీ వదిలి ఒక మెట్టు పైకి ఎక్కే ఒంటి లారీ యజమానికి నేరుగా అందేలా జీవో రాయాలి. ఆ మెట్టు కొత్త బండే కావాలన్న షరతు పెట్టకూడదు. వదిలేసిన పాత లారీ ఇంకో జిల్లాలో తేలకుండా, ఛాసిస్ కోసినట్టు ధ్రువపత్రం చూపించాకే డబ్బు ఇవ్వాలి.